రికార్డుకు ఇరవై రూపాయలు: శ్రీకాకుళం, విజయనగరం నర్సింగ్‌హోమ్‌లు, ల్యాబ్‌లు డిజిటల్ ప్రోత్సాహకం అందుకునే దారి

పది పడకలు, ఆపైన ఉన్న ఆసుపత్రి పేషెంటు రికార్డును కంప్యూటర్‌లో తయారుచేసి ఆ మనిషి ఆభా ఖాతాకు (ఆరోగ్య రికార్డులను ఒకే నంబరుకు కలిపే డిజిటల్ ఖాతా) లింకు చేస్తే, నెలకు ఇంత అని పెట్టిన కనీస సంఖ్య దాటాక ప్రతి రికార్డుకూ కేంద్రం 20 రూపాయలు ఇస్తుంది. ల్యాబ్‌కైతే 15 రూపాయలు. దీని పేరు డిజిటల్ హెల్త్ ఇన్సెంటివ్ స్కీమ్, పొట్టిగా డీహెచ్‌ఐఎస్. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ (ఏబీడీఎం) కింద నేషనల్ హెల్త్ అథారిటీ దీన్ని 2023 జనవరి 1న మొదలుపెట్టింది. గడువును పలుమార్లు పొడిగించుకుంటూ వచ్చారు కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఏబీడీఎం వెబ్‌సైట్‌లో తాజా ఉత్తర్వు తెరిచి, చివరి తేదీ, ఆ రోజుకు అమల్లో ఉన్న రేట్లు చూసుకోండి. సాఫ్ట్‌వేర్ అమ్మే కుర్రాడి మాట మీద ఆధారపడొద్దు.

మన దగ్గర చాలామంది డాక్టర్లు ఈ పథకాన్ని కంప్యూటర్లు కొనడానికి ఇచ్చే సబ్సిడీ అనుకుంటున్నారు. కాదు. కంప్యూటర్‌కు పైసా రాదు. ప్రింటర్‌కూ, సాఫ్ట్‌వేర్‌కూ రాదు. లింకైన రికార్డుకే డబ్బు. అమెరికాలో స్థిరపడిన క్లాస్‌మేట్లు చెప్పే కథ వేరు. అక్కడ 2009 చట్టం తర్వాత మెడికేర్ కింద ఒక్కో డాక్టరుకు ఐదేళ్లలో 44,000 డాలర్ల దాకా ఇచ్చి, 2015 నుంచి రికార్డులు వాడనివాళ్ల చెల్లింపుల్లో కోత పెట్టారు. మన పథకంలో అంత పెద్ద మొత్తమూ లేదు, చేరకపోతే కోతా లేదు. ఇది పని చేసినంతే కూలి.

శ్రీకాకుళానికి ఆసుపత్రిలో ఆన్‌లైన్ పని కొత్తేమీ కాదు. 2007 ఏప్రిల్‌లో రాజీవ్ ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాల్లో అనంతపురం, మహబూబ్‌నగర్‌లతో పాటు మనదీ ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఆ కౌంటర్లో ప్రీ-ఆథ్ (చికిత్సకు ముందస్తు అనుమతి) పెట్టడం, ఫొటోలు ఎక్కించడం, క్లెయిము వెనక్కి వస్తే సరిదిద్దడం మన స్టాఫ్‌కు కొట్టిన పిండి. కానీ ఆ అలవాటు ఆ ఒక్క గదిలోనే ఆగిపోయింది. పక్కనే ఓపీలో ఇంకా పొడుగు నోటుబుక్కు, చేతిరాత చీటీ. డీహెచ్‌ఐఎస్ డబ్బు వచ్చేది ప్రధానంగా ఆ ఓపీలోంచే. వైద్య సేవ పోర్టల్‌లో ఎక్కించాం కదా అని ఊరుకుంటే కుదరదు, అదీ ఇదీ వేరు.

సాఫ్ట్‌వేర్ చూడకముందే లెక్క కట్టండి

ఆసుపత్రికి కనీస సంఖ్య పడకకు నెలకు 50. అంటే పడకల సంఖ్యను 50తో గుణించండి, ఆ అంకె దాటాకే మీ మీటరు తిరుగుతుంది. పది పడకలకు 500, ఇరవైకి 1,000, యాభైకి 2,500. ల్యాబ్‌కు, స్కానింగ్ సెంటరుకు పడకలతో పని లేదు, నెలకు 500 దాటితే చాలు.

మూడు ఉదాహరణలు చూద్దాం. నెలకు 26 పనిదినాలు అనుకుందాం.

పది పడకల పిల్లల ఆసుపత్రి, రోజుకు 80 ఓపీ. నెలకు 2,080. అన్నీ లింకైతే 1,580 రికార్డులకు డబ్బు వస్తుంది, అంటే 31,600 రూపాయలు. వందలో అరవై మందికే లింకు చేయగలిగారనుకోండి, 1,248 రికార్డులు, అందులో 748కి 14,960 రూపాయలు.

ఇరవై పడకల జనరల్ సర్జన్ గారి నర్సింగ్‌హోమ్, రోజుకు 60 ఓపీ. నెలకు 1,560. అన్నీ లింకైతే 560 రికార్డులకు 11,200 రూపాయలు. అరవై శాతమే లింకైతే 936. కనీసం వెయ్యి కూడా దాటలేదు, కాబట్టి ఆ నెల చేతికి వచ్చేది సున్నా. ఏడాదంతా ఇలాగే నడిచినా సున్నాయే.

యాభై పడకల ఎముకల ఆసుపత్రి, రోజుకు 70 ఓపీ. నెలకు 1,820. పడకల మీద ఉన్నవాళ్ల డిశ్చార్జి సమ్మరీలు కలిపినా 2,500 అందడం కష్టం.

దీన్నిబట్టి తెలిసేది ఏమిటంటే, తక్కువ పడకలు, ఎక్కువ ఓపీ ఉన్న చోట ఈ పథకం బాగా పండుతుంది. పిల్లల డాక్టర్లు, చర్మ వ్యాధుల డాక్టర్లు, షుగరు-బీపీ చూసే ఫిజీషియన్లు, గర్భిణులు నెలనెలా వచ్చే ఆసుపత్రులు ముందు వరసలో ఉంటాయి. ఆపరేషన్ల మీద నడిచే పెద్ద ఆసుపత్రులు డబ్బు కోసమే అయితే దీని జోలికి పోనక్కర్లేదు. వాళ్లకు వేరే లాభాలు ఉండొచ్చు, అది వేరే సంగతి.

అయితే పడకలు తగ్గించి రాస్తే సరి కదా అనే ఆలోచన ఎవరికైనా వస్తుంది. ఆ పని చేయకండి. అదే పడకల సంఖ్య డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసు ఇచ్చిన రిజిస్ట్రేషన్‌లో ఉంది, వైద్య సేవ ఎంప్యానెల్‌మెంట్‌లో (ఆ పథకం ఆసుపత్రుల జాబితాలో) ఉంది. ఒకచోట ముప్పై, ఇంకోచోట పది కనిపిస్తే నెలకు పదివేల కోసం మొత్తం ఎంప్యానెల్‌మెంట్ మీదకే తెచ్చుకున్నట్టు.

ఈ పథకం ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించే అంకె 4 కోట్లు. అది గరిష్ఠ పరిమితి మాత్రమే. నెలకు 20,000 చొప్పున వచ్చే మన ఊరి నర్సింగ్‌హోమ్ ఆ 4 కోట్లు అందుకోవాలంటే నూట అరవై ఏళ్లు దాటాలి. కాబట్టి ఆ అంకెను పక్కన పెట్టి మీ ఓపీ బుక్కు తీయండి. గత మూడు నెలల సగటు తీసి, అందులో డెబ్భై శాతమే లింకవుతుందని అనుకుని లెక్కకట్టి, వచ్చిన మొత్తాన్ని ఒక డేటా ఎంట్రీ ఆపరేటర్ జీతంతో, సాఫ్ట్‌వేర్ చందాతో పోల్చి చూడండి. ఆ రెండూ వెళ్లిపోతే చాలు అనుకునేవాళ్లు దిగొచ్చు. అంతకు మించి మిగలాలి అనుకునేవాళ్లు పై మూడు ఉదాహరణల్లో తమది ఏదో తేల్చుకోవాలి.

మొదటి మెట్టు: బీరువాలో ఉన్న కాగితాలు

ఆన్‌లైన్ దరఖాస్తులు ఎక్కువగా ఆగేది కంప్యూటర్ దగ్గర కాదు, కాగితాల మీద పేర్ల దగ్గర.

ప్రైవేటు అల్లోపతి ఆసుపత్రులకు 2002 నాటి రాష్ట్ర చట్టం కింద డీఎంహెచ్‌ఓ ఆఫీసు ఇచ్చే రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. గడువు దాటిపోయి ఉంటే ముందు అది చేయించండి. తర్వాత జిల్లా పేరు చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి, వంగర మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వెళ్లాయి. పాలకొండ, పార్వతీపురం వైపువి పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాయి. రాజాంలో ఉన్న ఆసుపత్రి పాత సర్టిఫికెట్‌లో శ్రీకాకుళం జిల్లా అని ఉంటుంది, ఆన్‌లైన్ ఫారంలో విజయనగరం ఎంచుకోవాలి. పరిశీలించే అధికారికి రెండూ పొసగవు. రెన్యువల్ సమయంలోనే కొత్త జిల్లా పేరుతో సర్టిఫికెట్ అడిగి తీసుకుంటే ఈ తిరుగుడు తప్పుతుంది.

బ్యాంకు ఖాతా కూడా ఇప్పుడే చూసుకోండి. బోర్డు మీద అమ్మవారి పేరు, పాన్ కార్డు డాక్టరు గారిది, బ్యాంకు ఖాతా వాళ్ల ఆవిడతో జాయింటు అయితే చెల్లింపు దగ్గర చిక్కు పడుతుంది. ఆసుపత్రి సొంత యాజమాన్యమా, భాగస్వామ్యమా, ట్రస్టా అన్నది తేల్చి, దానికి తగ్గ పాన్, అదే పేరుతో కరెంటు ఖాతా ఉండేలా ఆడిటరుతో మాట్లాడండి. వచ్చే ప్రోత్సాహకాన్ని ఆదాయంలో చూపించాల్సి ఉంటుంది. అసలు ఓపీ ఎంతో బయటపడుతుందనే భయంతో వెనక్కి తగ్గుతున్న డాక్టర్లు కూడా ఉన్నారు. నెలకు రెండువేల రికార్డులకు ప్రోత్సాహకం తీసుకుంటూ రిటర్న్‌లో అందులో సగం ఓపీ చూపించడం ఎలా అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

రెండో మెట్టు: డాక్టర్ల రిజిస్ట్రీ

ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్లు హెల్త్‌కేర్ ప్రొఫెషనల్స్ రిజిస్ట్రీలో (హెచ్‌పీఆర్) పేరు నమోదు చేసుకోవాలి. ఆధార్ నంబరు, దానికి లింకైన ఫోను, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, డిగ్రీ సర్టిఫికెట్ల స్కాన్‌లు ఉంటే కూర్చున్న చోటే అరగంటలో అయిపోయే పని ఇది. ఆ తర్వాత కౌన్సిల్ పరిశీలించి ఆమోదించాలి, ఆలస్యం జరిగేది అక్కడే.

తిరస్కరణకు మన దగ్గర మొదటి కారణం ఇంటిపేరు. కౌన్సిల్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో మూడో రకంగా ఉంటుంది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన లేడీ డాక్టర్లకు ఈ తలనొప్పి రెట్టింపు. కౌన్సిల్ రికార్డులో ఎలా ఉందో ఆధార్‌ను అలా మార్పించుకోవడమే తేలిక దారి. రెండో కారణం పీజీ. ఎండీ, డీజీఓ లాంటివి చదివి కూడా కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదు చేయించని వాళ్లు ఉంటారు. హెచ్‌పీఆర్‌లో పీజీ రాసి, కౌన్సిల్‌లో ఎంబీబీఎస్ ఒక్కటే ఉంటే దరఖాస్తు వెనక్కి వస్తుంది. రాష్ట్ర విభజనకు ముందు రిజిస్టరైన సీనియర్లు ప్రస్తుతం తమ రెన్యువల్ ఏ కౌన్సిల్‌లో ఉందో చూసుకుని, అదే ఎంచుకోవాలి.

మూడో మెట్టు: ఆసుపత్రి రిజిస్ట్రీ

ఇప్పుడు ఆసుపత్రిని హెల్త్ ఫెసిలిటీ రిజిస్ట్రీలో (హెచ్‌ఎఫ్‌ఆర్) చేర్చాలి. కొత్తగా చేర్చే ముందు అందులో మీ ఆసుపత్రి పేరు వెతకండి. గతంలో ఎవరో నమోదు చేసి ఉంటే మళ్లీ చేర్చినప్పుడు రెండు ఎంట్రీలు అవుతాయి, రికార్డులు ఒక నంబరు మీదకు, దరఖాస్తు ఇంకో నంబరు మీదకు పోతాయి. బోర్డు మీద పేరు, సర్టిఫికెట్‌లో పేరు, ఇక్కడ రాసే పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. మ్యాపులో పిన్ను మీ ఆసుపత్రి మీదే పెట్టండి. బయటి బోర్డు స్పష్టంగా కనిపించే ఫొటో, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, పడకల సంఖ్య, ఉన్న సేవలు నింపాలి. ఆమోదం వచ్చాక ఐఎన్ అక్షరాలతో మొదలయ్యే నంబరు ఇస్తారు. మీ ఆసుపత్రికి ఇకపై అదే గుర్తింపు.

ఇక్కడ ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఫెసిలిటీ మేనేజరుగా యజమాని గానీ, ఎక్కడికీ వెళ్లిపోని మనిషి గానీ తన సొంత ఆధార్, ఫోనుతో నమోదు కావాలి. కంప్యూటర్ కుర్రాడి నంబరుతో, సాఫ్ట్‌వేర్ ఏజెంటు నంబరుతో చేయించేస్తే ఆరు నెలల తర్వాత అతను విశాఖలో ఇంకో ఉద్యోగంలో చేరిపోతాడు, ఓటీపీలు అక్కడికి పోతాయి, మీ ఖాతా మీరే తెరవలేరు.

ఆమోదం ఆగిపోతే జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయంలో ఏబీడీఎం పని చూసేవాళ్లను కలవండి. ఫోను మీద అడగాలంటే 1800-11-4477 టోల్‌ఫ్రీ ఉంది.

నాలుగో మెట్టు: సాఫ్ట్‌వేర్ బేరం

సాఫ్ట్‌వేర్ ఏదైనా కావొచ్చు, ఏబీడీఎంతో అనుసంధానమై ఉండాలి. అనుసంధానంలో మూడు దశలు ఉంటాయి, కంపెనీలవాళ్లు వాటిని ఎం1, ఎం2, ఎం3 అంటారు. ఎం1 అంటే ఆభా నంబరు తయారుచేయడం, సరిచూడడం. ఎం2 అంటే మీరు తయారుచేసిన రికార్డును ఆభాకు లింకు చేసి, అడిగినప్పుడు పంపగలగడం. ఎం3 అంటే పేషెంటు ఒప్పుకుంటే ఇతర ఆసుపత్రుల రికార్డులు మీరు తెరిచి చూడగలగడం. డబ్బు ఎం2 మీద ఆధారపడి ఉంది. ‘మాది ఏబీడీఎం రెడీ సార్’ అని చెప్పి ఎం1 దగ్గరే ఆగిపోయినవి మార్కెట్లో ఉన్నాయి. ఆభా కార్డులు చకచకా తయారవుతాయి, ఒక్క రికార్డూ లింకు కాదు.

అందుకే డెమోకు ల్యాప్‌టాప్ తెచ్చిన మనిషిని ఒక్కటే అడగండి. మీ సొంత ఆభాతో, మీ కళ్ల ముందు, ఒక ప్రిస్క్రిప్షన్ తయారుచేసి లింకు చేయమనండి. మీ ఫోనులో ఆభా యాప్ తెరిచి అందులో ఆ చీటీ కనిపిస్తే మాట్లాడదాం అనండి. ‘నెట్ స్లోగా ఉంది సార్, రేపు చూపిస్తా’ అంటే ఆ రేపు ఎప్పుడు వస్తుందో మీకు తెలుసు.

బేరానికి పనికొచ్చే ఇంకో సంగతి. ఈ పథకంలో సాఫ్ట్‌వేర్ కంపెనీలకు కూడా వాటి సాఫ్ట్‌వేర్ ద్వారా లింకైన రికార్డుల మీద విడిగా ప్రోత్సాహకం ఉంది. మీ ఓపీ ఎంత ఎక్కువైతే ఆ కంపెనీకి అంత లాభం. ఆ సంగతి మీకు తెలుసని తెలిస్తే ఏడాది చందా దానంతటదే దిగుతుంది. ‘ప్రోత్సాహకంలో మాకు సగం’ అనే ఒప్పందాల మీద మాత్రం సంతకం పెట్టకండి.

మిగతా షరతులు రాతపూర్వకంగా తీసుకోండి. మానేసిన రోజు పేషెంట్ల రికార్డులన్నీ మీకు ఫైలుగా ఇవ్వాలి. నెట్ లేనప్పుడు చీటీ ప్రింటయి, నెట్ వచ్చాక లింకు వెళ్లాలి. మందుల వివరాలు తెలుగులో ప్రింటవ్వాలి. బ్యాకప్ ఆసుపత్రి కంప్యూటర్లోనే కాక బయట కూడా ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు వైపు రోజుల తరబడి కరెంటు లేని సంగతి గుర్తున్నవాళ్లకు ఇన్వర్టరు గురించీ, బయట ఉండే బ్యాకప్ గురించీ విడమర్చి చెప్పనక్కర్లేదు. ప్రభుత్వ రంగం నుంచి కావాలంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ తయారుచేసిన ఈ-సుశ్రుత్ సాఫ్ట్‌వేర్ ఉంది, దాన్నీ చూడండి.

ఐదో మెట్టు: కౌంటరు

ఇక్కడిదాకా చేసిందంతా ఒక ఎత్తు, ఇక్కడ చేసేది ఒక ఎత్తు. ఇరవై పడకల ఉదాహరణలో వంద శాతానికీ అరవై శాతానికీ మధ్య తేడా మొత్తం కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి చేతిలో ఉంది. పేషెంటు వచ్చిన మొదటి రెండు నిమిషాల్లో ఆభా దొరికితే రికార్డు లింకవుతుంది. డాక్టరు చూసేసి, మందులు కొనుక్కుని, ఆమదాలవలస ఆటో ఎక్కేశాక దొరకదు.

ఆభా నంబరు 14 అంకెలు. దానితో పాటు మెయిల్ ఐడీలా కనిపించే ఆభా అడ్రసు ఉంటుంది. వచ్చేవాళ్లలో చాలామందికి ఇప్పటికే ఆభా ఉంది, కాకపోతే ఆ సంగతి వాళ్లకు తెలియదు. ఏఎన్‌ఎంలు, ఆశ కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి ఆధార్ అడిగి ఓటీపీ చెప్పించుకున్నప్పుడు తయారైనవి అవి. కాబట్టి ‘ఆభా కార్డు ఉందా?’ అని అడిగితే వచ్చే జవాబు ‘లేదమ్మా’. ఆ ప్రశ్న మానేసి, ఫోన్ నంబరు అడిగి సాఫ్ట్‌వేర్‌లో వెతకమనండి.

ఓటీపీ అనగానే జనం బెదురుతారు. బెదరాలి కూడా, బ్యాంకు మోసాలు అలా ఉన్నాయి. ‘ఓటీపీ ఎందుకమ్మా, బేంకులో డబ్బులు పోతాయేటి?’ అని పెద్దాయన అడిగితే కసురుకోకుండా చెప్పాలి. ఇలా చెబితే సరిపోతుంది: ‘బ్యాంకుది కాదు తాతా, మీ రక్తపరీక్షలు, మందుల చీటీ మీ ఫోనులో ఉండడానికి. మెసేజ్‌లో ఏం రాసి ఉందో మీ మనవడితో చదివించండి. వద్దంటే వద్దు, ఓపీ మామూలుగానే ఇస్తాను.’ ఆ చివరి మాట తప్పకుండా ఉండాలి. ఆభా పూర్తిగా పేషెంటు ఇష్టం. లేదన్నవాళ్లకు వైద్యం ఆపకూడదు, వేచి ఉంచకూడదు.

ఇంకో చిక్కు మన తీరప్రాంతానిది. ఆధార్‌కు లింకైన ఫోను ఇంట్లో ఉండదు. భర్త గుజరాత్‌లో వెరావల్ బోటు మీద ఉంటాడు, కొడుకు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పనిలో ఉంటాడు. ఓటీపీ అక్కడికి వెళ్తుంది. ఫోన్ చేసి అడిగించేలోపు గడువు అయిపోతుంది. దీనికి రెండు ఉపాయాలు. వేలిముద్రతో గానీ ముఖ గుర్తింపుతో గానీ ఆధార్ సరిచూసే వీలు మీ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే దాన్ని వాడండి. లేకపోతే ఆ రోజుకు వదిలేసి, ఓపీ చీటీ మీద ‘మళ్లీ వచ్చేటప్పుడు ఆధార్ ఫోను తేవాలి’ అని ముద్ర కొట్టండి. నెలనెలా వచ్చే షుగరు, బీపీ, గర్భిణి పేషెంట్ల దగ్గర ఒక్కసారి ఈ పని అయిపోతే ఏడాదంతా వాళ్ల రికార్డులు ఇబ్బంది లేకుండా లింకవుతాయి. అందుకే మొదటి నెల శ్రమంతా వీళ్ల మీద పెట్టండి. ఒక్కసారి జ్వరానికి వచ్చి వెళ్లేవాళ్లతో పోట్లాడి సమయం పాడు చేసుకోవద్దు.

స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లకు స్కాన్ అండ్ షేర్ హాయి. మీ ఆసుపత్రి క్యూఆర్ కోడ్‌ను కౌంటరు దగ్గర, బయట వరండాలో అతికించండి. ఆభా యాప్‌తో స్కాన్ చేస్తే పేరు, వయసు, చిరునామా మీ సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేసి టోకెన్ నంబరు వస్తుంది. పేరు తప్పుగా టైపు చేసే బాధ పోతుంది. అయితే టోకెన్ ఇచ్చినంత మాత్రాన రికార్డు అయినట్టు కాదు, చీటీ తయారై లింకవ్వాలి. ఇచ్ఛాపురం, పాతపట్నం, పార్వతీపురం వైపు ఆసుపత్రులకు ఒడిశా నుంచి వచ్చే పేషెంట్లకూ ఇదే పద్ధతి. ఆభా దేశమంతటికీ ఒక్కటే.

జనాన్ని ఒప్పించడానికి కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం కంటే గట్టి కారణం నాకు తెలియదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస వైపు నుంచి వచ్చే కిడ్నీ పేషెంటు చేతిలో ప్లాస్టిక్ కవరు చూడండి. పలాసలో ఒక ల్యాబ్ రిపోర్టు, బరంపురంలో ఒకటి, విశాఖ కేజీహెచ్ చీటీ ఒకటి, సగం చెమటకు తడిసి అక్షరాలు పోయినవి. డాక్టరుకు కావాల్సింది కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ నిరుడు ఎంత, ఇప్పుడెంత అన్నది. ఆ ఒక్క అంకె దొరకక మళ్లీ పరీక్ష రాస్తారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాక కూడా పాత రిపోర్టుల బరువు పేషెంటు చేతిలోనే ఉంది. ఆ ప్రాంతపు ల్యాబ్‌లు తమ రిపోర్టులను ఆభాకు లింకు చేయడం మొదలుపెడితే 15 రూపాయల కంటే ఎక్కువ మేలు జరుగుతుంది. ఆ పేషెంట్లకు ఓటీపీ ఎందుకో వివరించడం కూడా తేలిక.

ఆరో మెట్టు: డాక్టరు గారి బల్ల

అరవై మంది బయట కూర్చుని ఉండగా డాక్టరు టైపు చేయడం జరిగే పని కాదు. చేతితో రాసే అలవాటు మానిపించాలని చూస్తే పథకమే అటకెక్కుతుంది. మధ్యే మార్గం ఒకటి ఉంది. డాక్టరు రాసిన చీటీని పక్క బల్ల దగ్గర ఆపరేటర్ ఎక్కిస్తాడు: జబ్బు పేరు, బీపీ, బరువు, మందులు, మళ్లీ రావాల్సిన తేదీ. చేతిరాత చీటీని స్కాన్ చేసి పీడీఎఫ్‌గా జతచేయవచ్చు కూడా. కానీ జబ్బు, మందులు విడిగా ఎక్కిస్తేనే రేపు ఆ రికార్డు ఇంకో డాక్టరుకు పనికొస్తుంది. రోజూ రాసే పదిహేను ఇరవై రకాల చీటీలను ముందే తయారుచేసి పెట్టుకుంటే ఆపరేటర్ చేతికి వేగం వస్తుంది. మందు పేరు, మోతాదు మాత్రం లింకు చేసేముందు డాక్టరు గానీ నర్సు గానీ ఒకసారి చూడాలి. చేతిరాత చదవలేక ఆపరేటర్ ఊహించి కొట్టిన మందు పేషెంటు ఫోనులో ఆసుపత్రి పేరుతో శాశ్వతంగా ఉండిపోతుంది.

ప్రిస్క్రిప్షన్, ఓపీ నోట్, ల్యాబ్ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, టీకాల రికార్డు అన్నీ పంపదగ్గవే. రికార్డులు ఢిల్లీకి పోయి ఒకచోట కుప్పపడతాయనే అనుమానం కొందరికి ఉంది. అలా కాదు. రికార్డు మీ దగ్గరే, మీ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంటుంది. ఫలానా పేషెంటుకు ఫలానా చోట రికార్డు ఉందన్న గుర్తు మాత్రం ఆభాకు చేరుతుంది. పేషెంటు అనుమతి ఇచ్చినప్పుడే అసలు రికార్డు కదులుతుంది. అంటే కాపాడే బాధ్యత కూడా మీదే. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చాక పాస్‌వర్డును మానిటరు మీద కాగితం అంటించి పెట్టడం, రిపోర్టులు స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో తిప్పడం లాంటివి సరదా విషయాలు కావు. ప్రతి మనిషికీ విడి లాగిన్ ఇవ్వండి, మానేసిన రోజే దాన్ని మూసేయండి.

ఏడో మెట్టు: పథకంలో చేరడం, క్లెయిము

హెచ్‌ఎఫ్‌ఆర్ నంబరు వచ్చి, సాఫ్ట్‌వేర్ మీ నంబరుకు అనుసంధానమయ్యాక డీహెచ్‌ఐఎస్‌లో విడిగా నమోదు కావాలి. చాలామంది ఇది మరచిపోతారు. రికార్డులు నెలల తరబడి లింకవుతూనే ఉంటాయి, పథకంలో పేరే ఉండదు. పాన్, బ్యాంకు వివరాలు, యాజమాన్యం కాగితాలు ఇక్కడ కావాలి. మొదటి మెట్టులో సరిచేసుకున్నవాళ్లకు ఇది పెద్ద పనేం కాదు.

నెలాఖరున మూడు అంకెలు పక్కపక్కన రాయండి: ఓపీ బుక్కులో మొత్తం, సాఫ్ట్‌వేర్ చూపే రికార్డులు, ఏబీడీఎం డాష్‌బోర్డులో లింకైనవి. మొదటి రెండింటి మధ్య తేడా ఉంటే అది మీ స్టాఫ్‌తో మాట్లాడాల్సిన విషయం. రెండోదానికీ మూడోదానికీ మధ్య తేడా ఉంటే లోపం సాఫ్ట్‌వేర్‌లో ఉంది, కంపెనీకి అదే రోజు రాతపూర్వకంగా పంపండి, స్క్రీన్‌షాట్ జతచేయండి. వారం వారం చూసుకుంటే ఇంకా మేలు. నెల పూర్తయ్యాక తెలిస్తే ఆ నెల పోయినట్టే.

సంఖ్య పెంచడానికి దొంగ రికార్డులు పుట్టించే తెలివి కొందరు ఏజెంట్లు నేర్పుతారు. ఒకే చీటీని ముక్కలు చేసి నాలుగు రికార్డులుగా పంపడం, రాని పేషెంటు పేరున పంపడం లాంటివి. లింకైన ప్రతి రికార్డూ ఆ పేషెంటు ఫోనులో కనిపిస్తుందని మరచిపోకండి. తను రాని రోజున తన పేరున చీటీ చూసిన మనిషి నేరుగా మీ కౌంటరుకే వస్తాడు, లేదా టోల్‌ఫ్రీకి ఫోన్ చేస్తాడు.

పది పడకల్లోపు ఉన్నవాళ్ల సంగతి

ఒక గది క్లినిక్, నాలుగైదు పడకల చిన్న నర్సింగ్‌హోమ్ పెట్టుకున్న డాక్టర్లకు పైన చెప్పిన ఆసుపత్రి లెక్కన 20 రూపాయలు రావు. దీన్ని దాచిపెట్టి సాఫ్ట్‌వేర్ అంటగట్టేవాళ్లు ఉన్నారు, జాగ్రత్త. ఇలాంటి చిన్న క్లినిక్‌లు, ల్యాబ్‌లు, మందుల షాపులను ఒక ప్రాంతం మొత్తంగా కలిపి ఏబీడీఎంలో చేర్చడానికి 2023లో దేశవ్యాప్తంగా వంద మైక్రోసైట్ల కార్యక్రమం పెట్టారు. మీ ఊరు దేనికిందైనా వస్తుందేమో డీఎంహెచ్‌ఓ ఆఫీసులో అడగండి. వస్తే నమోదు పని వాళ్ల మనుషులే వచ్చి చేసిపెడతారు.

రాకపోయినా హెచ్‌పీఆర్, హెచ్‌ఎఫ్‌ఆర్ నమోదు మాత్రం చేయించుకోండి, వాటికి రుసుము లేదు. క్లినిక్ పక్కనే మీ సొంత ల్యాబ్ విడి రిజిస్ట్రేషన్‌తో నడుస్తుంటే దాన్ని ల్యాబ్‌గా పథకంలో చేర్చే వీలుంది. రోజుకు 40 మందికి పరీక్షలు చేసే ల్యాబ్‌లో నెలకు 1,040 రిపోర్టులు, అన్నీ లింకైతే 540కి 8,100 రూపాయలు. ల్యాబ్‌లో రిపోర్టు ఎలాగూ కంప్యూటర్లోనే తయారవుతుంది, చేతిరాత బెడద లేదు. రిపోర్టు కోసం ఫోన్ నంబరు ఇవ్వడం జనానికి ఇప్పటికే అలవాటు. మన రెండు జిల్లాల్లో ఈ పథకానికి అన్నిటికంటే సిద్ధంగా ఉన్నది ల్యాబ్‌లేనని నా అభిప్రాయం. క్లినిక్ సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఉచితంగా ఇస్తేనో, నామమాత్రపు చందాకు ఇస్తేనో ఒప్పుకోండి.